వంతు వచ్చేసరికి ఆగిన ఫైలు

కోరుట్లలో ఏ ఫొటో స్టూడియోకు పాత వీడియో క్యాసెట్ పట్టుకుపోయినా సంగీత ఇంటికి పంపిస్తారు. ఆ ఇంటికి బోర్డు లేదు. తలుపు దగ్గరికి వేసి ఉంటుంది, గొళ్లెం ఉండదు. పిలిస్తే "లోపలికి రాండ్రి" అని గొంతు వినిపిస్తుంది కానీ మనిషి లేచి రాదు. ముందు గదిలో క్యాసెట్ తిరుగుతుంటుంది. వెనక గదిలో అత్త లింగవ్వ మంచంలో ఉంటుంది. సంగీత ఎప్పుడూ ఈ రెండు గదుల్లో ఏదో ఒకదాంట్లో ఉంటుంది.

ఆమె పుట్టింది సిరిసిల్లలో. తండ్రి ఆగయ్య మరమగ్గాల కార్మికుడు. సాంచాల చప్పుడులో పెరిగిన పిల్ల కాబట్టి గట్టిగా మాట్లాడటం అలవాటు. కోరుట్లకు కోడలిగా వచ్చాక ఆ గొంతు తగ్గింది. భర్త హరీశ్ పెళ్లిళ్లకు వీడియోలు తీసేవాడు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక అతన్ని పిలిచేవాళ్లు తగ్గిపోయారు. దోహాలో డ్రైవర్ పని దొరికితే వెళ్లాడు. వెళ్తూ ఒక పాత కంప్యూటర్, క్యాసెట్లు ఆడించే డెక్కు, రెండింటినీ కలిపే క్యాప్చర్ కార్డు ఇంట్లో వదిలేశాడు. వాటి మీద దుమ్ము తుడవడంతో మొదలుపెట్టి సంగీత పని నేర్చుకుంది.

పని చెప్పడానికి తేలిక. డెక్కులో క్యాసెట్ ఆడుతుంటే కంప్యూటర్ దాన్ని ఫైలుగా రాసుకుంటుంది. చిక్కు ఒకటే. కార్డుతో వచ్చిన సాఫ్ట్‌వేర్ ముసలిది. ఒక ఫైలు నాలుగు జీబీలకు చేరగానే రాయడం ఆపేస్తుంది. ఇరవై నిమిషాలు కూడా పట్టదు. ఆపినట్టు చెప్పదు. తెర మీద బొమ్మ ఆడుతూనే ఉంటుంది, పెళ్లికొడుకు తలంబ్రాలు పోస్తూనే ఉంటాడు, లోపల మాత్రం ఏదీ రాయబడదు. కొత్త డిస్కు కొన్నా ఉపయోగం లేదు, హద్దు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. కొత్త సాఫ్ట్‌వేర్ ఆ కార్డును గుర్తుపట్టదు.

అందుకని సంగీత కుర్చీలో కూర్చుని కాపలా కాసేది. హద్దు దగ్గరపడగానే క్యాసెట్‌ను ఆపి, కొంచెం వెనక్కి తిప్పి, కొత్త ఫైలు మొదలుపెట్టేది. ముక్కలన్నిటినీ తర్వాత అతికేది. లింగవ్వ స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకునే దాకా ఈ పద్ధతి బాగానే నడిచింది. ఆపరేషన్ అయ్యాక కూడా లింగవ్వ లేచి నడవలేదు. పక్కకు తిప్పకపోతే వీపు పుండవుతుంది. పిలిచినప్పుడు వెళ్లకపోతే పక్కబట్టలు తడుస్తాయి. కంప్యూటర్ చెప్పకుండా ఆగుతుంది, అత్త చెప్పకుండా పిలుస్తుంది. సంగీత కొండగట్టు మొక్కు అలాగే ఉండిపోయింది. సిరిసిల్ల బస్సు ఎక్కి ఎన్నాళ్లయిందో తండ్రి అడగడం కూడా మానేశాడు.

సాయంత్రం హరీశ్ ఫోన్ చేస్తాడు. ఫోన్ ముందు లింగవ్వ చేతికి వెళ్తుంది. నొప్పులు, మందులు, ఎదురింటివాళ్ల గొడవ అన్నీ అయ్యాక సంగీత చేతికి వస్తుంది. అప్పటికి అతని డ్యూటీ వేళ అవుతుంది.

ముత్తమ్మ మల్లాపూర్ నుంచి వచ్చింది. కూలి పనులకు పోయే మనిషి. చీర కొంగులో చుట్టి క్యాసెట్ తెచ్చింది.

"గీండ్ల మా ఇంటాయన ఉన్నడు బిడ్డా. జర తీసియ్యరాదు" అంది.

సంగీత మూత ఎత్తి చూసింది. రీలు అంచున తెల్లగా బూజు పట్టింది. "ఎప్పటిదవ్వా ఇది?"

"మా పిల్లగాడు పాలు తాగుతుండె గప్పుడు. గిప్పుడు గానికే ఇద్దరు పిల్లలు."

అది పెళ్లి క్యాసెట్ కాదు. ఊళ్లలో ఫోన్లు లేని రోజుల్లో గల్ఫ్‌కు పోయినవాళ్లు క్యాంపు గదిలో కెమెరా ముందు కూర్చుని ఇంటికి చెప్పాల్సినవి చెప్పి, సెలవు మీద వచ్చేవాళ్ల చేతికి క్యాసెట్ ఇచ్చి పంపేవారు. ఇక్కడ డెక్కు అద్దెకు తెచ్చి పెడితే వాడకట్టంతా కూర్చుని చూసేది. మాటలకు ఒక వరస ఉండేది. ముందు తల్లి, తర్వాత తండ్రి, అన్నలు, వదినలు, మేనమామ. పెండ్లాం వంతు ఆఖరుది. పెద్దలు కూర్చుని ఉండగా పెండ్లాన్ని ముందు పలకరించినవాణ్ని చెప్పుకుని నవ్వేవారు.

"నా వంతు అచ్చేసరికి మా అత్త చాయ పెట్టుమన్నది" అంది ముత్తమ్మ. "ఇంటినిండ మంది. పొయ్యికాడికెల్లి ఉరికచ్చేసరికి డెక్కు బంజేసిండ్రు."

"మల్ల పెట్టుమనకపోతివి?"

"గంతమంది నడుమ ఎట్లడుగుత? మొగని ముచ్చటకు గింత ఆగమైతున్నదేందని నవ్వరా? తెల్లారి డెక్కు వాపస్ పోయింది."

"ఆయన అచ్చినంక అడుగకపోతివా మరి?"

"అడిగిన. గప్పుడేమన్ననో నాకేం యాదికున్నది, పని సూస్కో పో అన్నడు." ముత్తమ్మ నవ్వింది. "నిరుడు పోయిండు. కిడ్నీలు ఖరాబైనయ్. గిప్పుడు అడుగుదామన్నా మనిషి లేడు. ఏమన్నడో ఇనాలె బిడ్డా. తిట్టిండో, ఏం జేసిండో."

ముత్తమ్మ వెళ్లిపోయాక సంగీత మెత్తని బట్టతో బూజు తుడిచి క్యాసెట్ డెక్కులో పెట్టింది. బూజు పట్టిన రీలు ఎన్నిసార్లు ఆడుతుందో ఎవరూ చెప్పలేరు. నాలుగుసార్లు ఆడొచ్చు, మొదటిసారే తెగొచ్చు. తెర మీద గీతలు వచ్చాయి. గీతల వెనక బక్కపలచని మనిషి, నీలం చొక్కా, వెనక గోడకు మేకుకు వేలాడే తువ్వాళ్లు. ముత్తమ్మ భర్త మైసయ్య. "అవ్వా, దండమే" అని మొదలుపెట్టాడు.

తల్లితో చాలాసేపు మాట్లాడాడు. తండ్రికి బీడీలు తగ్గించమన్నాడు. అన్నలిద్దరికీ బోరు గురించి చెప్పాడు. వదినలకు వాళ్ల పిల్లల బడి గురించి. మేనమామ దగ్గరికి వచ్చేసరికి వెనక గది నుంచి కేక వినిపించింది.

"సంగీతా! ఓ సంగీతా! ఎటు సచ్చినవే!"

సంగీత తెర మూలకు చూసింది. హద్దుకు ఇంకా కొంచెం సమయం ఉందనిపించింది. ఒక్క ఉరుకులో వెళ్లి రావొచ్చనుకుంది. అక్కడ పక్కబట్ట తడిసింది. బట్ట మార్చి, వీపు తుడిచి, పక్కకు తిప్పి వచ్చేసరికి తెర నీలంగా ఉంది. క్యాసెట్ అయిపోయింది. ఫైలు తెరిచి చివరకు జరిపింది. మైసయ్య "మామా, నీ మోకాలు" అని నోరు తెరిచి ఆగిపోయి ఉన్నాడు.

వెనక్కి తిప్పబోతే రీలు డెక్కులో ఇరుక్కుంది. పైమూత విప్పి, ముడతలు పడ్డ రీలును గోటితో తప్పించి, చక్రాన్ని వేలితో కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ మొదటికి చేర్చింది. ఒక అంచు అప్పటికే చీలింది. ఇక ఈ క్యాసెట్ ఇంకొక్కసారి ఆడితే గొప్పే.

ముత్తమ్మ ఫోన్ చేసింది. "అయిందా బిడ్డా?"

"కొంచెమున్నదవ్వా" అంది సంగీత. ఏ కొంచెమో చెప్పలేదు.

సాయంత్రం లింగవ్వ చేతి నుంచి ఫోన్ వచ్చాక హరీశ్‌కు చెప్పింది.

"క్వాలిటీ తగ్గియ్. చిన్న ఫైలుల మొత్తం పడుతది" అన్నాడతను.

"వేరే క్యాసెట్ మీద సూసిన. మొకాలు గళ్లు గళ్లయితున్నయ్. ఎవలెవలో గుర్తువట్టరాదు."

"కొత్త లాప్‌టాపులల్ల గా లొల్లే లేదు. నేనచ్చినంక కొందం."

"ఎప్పుడస్తవు?"

"సూత్త. సేఠ్ సెలవియ్యాలె గద. ఉంట మరి, డ్యూటీ."

సంగీత చాలాసేపు ఆ క్యాసెట్‌ను అట్లా ఇట్లా తిప్పి చూస్తూ కూర్చుంది. మళ్లీ మొదటి నుంచి ఎక్కిస్తే అదే హద్దు అక్కడే అడ్డం వస్తుంది. మధ్యలో ఆపి వెనక్కి తిప్పితే రీలు తెగుతుంది. ముందుకు గబగబా తిప్పినా అంతే. అప్పుడు తండ్రి గుర్తొచ్చాడు. మగ్గం మీద పడుగు అయిపోవస్తే ఆగయ్య దాన్ని పూర్తిగా అయిపోనిచ్చేవాడు కాదు. పాత పడుగు తోక మిగిలి ఉండగానే ఒక్కో పోగుకు కొత్త పోగు ముడివేసేవాడు. తోక పోతే మళ్లీ అన్ని పోగులూ మొదటి నుంచి గుచ్చుకోవాలి. మైసయ్య తోక ఆమె దగ్గరే ఉంది. మేనమామ మోకాలు. అంతవరకు మంచి ఫైలు పదిలంగా ఉంది. క్యాసెట్‌ను మొదటి నుంచి ఆపకుండా ఆడనివ్వాలి, కానీ రాయకూడదు. మేనమామ వంతు రాగానే నొక్కాలి. మిగిలిందంతా ఒక ఫైలులో పడుతుంది.

కావాల్సింది ఒకటే. ఆ కొద్దిసేపు కుర్చీలోంచి లేవకూడదు.

మరునాడు పొద్దున రమ్మని ముత్తమ్మకు ఫోన్ చేసింది. రాగానే జరిగింది చెప్పేసింది. ముత్తమ్మ కోప్పడలేదు. "నా వంతు అచ్చేసరికే ఎవలో ఒకలు పిలుత్తరు" అని కుర్చీ పక్కన కింద కూర్చుంది. సంగీత లింగవ్వను పక్కకు తిప్పి, నీళ్లు తాగించి, బట్ట మార్చి వచ్చి క్యాసెట్ పెట్టింది.

మైసయ్య తల్లికి దండం పెట్టాడు. ముత్తమ్మ తెరకు దగ్గరగా జరిగింది. "గా నీలమంగి నేనే పెట్టెల పెట్టిన" అంది. బీడీలు, బోరు, బడి. రీలు చీలిన చోట బొమ్మ ఎగిరిపడింది, మళ్లీ నిలిచింది. "మామా" అన్నాడు మైసయ్య. సంగీత వేలు మౌస్ మీద పెట్టింది.

"సంగీతా! ఓ సంగీతా! పానం ఉబ్బసంగున్నదే! రాయే!"

సంగీత వేలు తీయకుండానే సగం లేచింది. ముత్తమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"నువ్వు కూసో. నేను సూత్త."

"నీ వంతు అస్తున్నదవ్వా!"

"రానీ. నువ్వు వట్టు."

ముత్తమ్మ కొంగు నడుముకు దోపుకుని వెనక గదిలోకి వెళ్లింది. సంగీత నొక్కింది. ఎర్రచుక్క వెలిగింది. మేనమామ మోకాలికి తైలం, మేనమామ కొడుక్కు వీసా సంగతి. తర్వాత మైసయ్య చొక్కా గుండీ సర్దుకున్నాడు. కెమెరా పట్టుకున్నవాడెవడో నవ్వితే వాణ్ని ఒకసారి చూసి తల దించుకున్నాడు.

"ముత్తమ్మా, మంచిగున్నవా? నువ్వు ఈడ కూసుండి సూత్తలేవని నాకెరుకే. మంది కూసున్నరంటే నువ్వు చాయకాడుంటవు. గీ ముచ్చట నీదాక రాదు. అచ్చినంక చెప్త తియ్. గని ఒక్క మాట మాత్రం..."

తెర నీలమైంది. ఈసారి ఫైలు ఆగలేదు. ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది, నీలాన్ని కూడా రాసుకుంటోంది. అయిపోయింది క్యాసెటే. క్యాంపు గదిలో ఆ రోజే అక్కడికి అయిపోయింది.

సంగీత ఫైలు భద్రం చేసి, మూసి, మళ్లీ తెరిచి చూసుకుంది. తర్వాత పిలిచింది. ముత్తమ్మ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సంగీత రెండు ముక్కలను మేనమామ మోకాలి దగ్గర అతికి, ఆఖరుకు జరిపి పెట్టింది.

ముత్తమ్మ నిలబడే విన్నది. నీలం వచ్చాక కూడా కాసేపు చూసింది.

"గంతేనా?"

"గంతే అవ్వా. రీలు ఒడిసింది."

"మా అత్తకు గడియసేపు చెప్పిండు. నాకచ్చేసరికి రీలు ఒడిసిందా!" మూతి తిప్పింది. "చాయకాడుంటనని ఎరుకున్నోడు, ముందుగాల నాతోనే మాట్లాడితే ఏం బోయింది దొంగమొకపోనికి?"

వెనక గది నుంచి లింగవ్వ అందుకుంది. "ముందుగాల పెండ్లాంతోని మాట్లాడితే మీ అత్త ఊకుంటుండెనా? డెక్కు ఇసిరి వాకిట్ల పారేత్తుండె!"

"గదీ నిజమే" అంది ముత్తమ్మ. కళ్లు తుడుచుకుని, "ఇంకోసారి పెట్టు బిడ్డా" అంది. సంగీత పెట్టింది. మళ్లీ పెట్టమంది, మళ్లీ పెట్టింది. చివరికి పెన్‌డ్రైవ్‌ను కొంగున ముడివేసుకుని, మెట్‌పల్లి మీదుగా పోయే బస్సు దొరకదేమోనని తొందరపడుతూ వెళ్లిపోయింది.

సాయంత్రం ఫోన్ మోగింది. సంగీత అలవాటుగా వెనక గదిలోకి తీసుకుపోయింది. లింగవ్వ చెయ్యి చాపలేదు. గోడవైపు చూస్తూ అంది.

"ఇయ్యాల నువ్వే మాట్లాడు ముందుగాల. నాకు రోజుండే నొప్పులే గద."

సంగీత ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. "హలో, నేనే" అంది.

అవతలి నుంచి హరీశ్ గొంతు భయంగా వచ్చింది.

"అవ్వకేమైంది?"

"ఏం గాలే."

"మరి నువ్వెత్తినవేంది? అబద్ధమాడకు. ఏమైంది అవ్వకు? అవ్వకియ్యి ఫోన్!"

సంగీత ఫోన్ అత్త చేతికి ఇచ్చింది. ముందు గదిలో ఎవరిదో పెళ్లి క్యాసెట్ సగంలో ఉంది. హద్దు దగ్గరపడుతోంది. వెళ్లి కుర్చీలో కూర్చుంది.