బతికున్న మట్టి

దుబాయ్‌లో ఒక హోటల్లో నాతోపాటు గ్లాసులు కడిగిన జగిత్యాల అన్నకు ఒక అలవాటు ఉండేది. పూలకుండీ కనిపిస్తే చాలు, చిటికెడు మట్టి తీసి, నలిపి, వాసన చూసేవాడు. "సచ్చింది" అని చేతులు దులుపుకునేవాడు. ఎడారి దేశానికొచ్చి మట్టిని తిట్టడమేమిటని నాకు ఒళ్ళు మండేది.

ఒక మధ్యాహ్నం ఫ్రాన్సు నుంచి వచ్చిన వైన్ తోట యజమాని మా హోటల్లో విందు ఇచ్చాడు. తాతముత్తాతల నాటి ద్రాక్షతోటట. మందులు, ఎరువుల బస్తాలు మానేసి, పేడ ఎరువుతోనే నేలను మళ్ళీ నిలబెట్టాడట. ఆ మట్టిని గాజు జాడీలో పోసి బల్ల మీద పెట్టించాడు. వచ్చిన దొరలంతా వైన్ వాసన చూశారు. మట్టి వంక ఒక్కడూ చూడలేదు.

బల్లలు తీసేటప్పుడు అన్న జాడీ మూత తీసి, మట్టి నలిపి వాసన చూశాడు. ఎప్పటి మాటే అంటాడనుకున్నాను.

"ఇది బతికే ఉన్నదిరా," అన్నాడు. "మా చెల్క మట్టి గూడ గిట్లనే ఉండె. యూరియా మీద యూరియా గుమ్మరించి నేనే సంపిన."

మేనేజరు చూడనే చూశాడు. పనివాడి చెయ్యి తగిలిందని ఆ మట్టిని ఎంగిలి మెతుకుల డబ్బాలో కుమ్మరించి, "ఖలాస్, యల్లా!" అని మమ్మల్ని తరిమాడు. ఆ తర్వాత అన్న ఏ కుండీ దగ్గరా ఆగలేదు.

వీసా అయిపోయి ఆయన ఊరెళ్ళాక ఫోన్ చేశాను. "మీ చేలో మట్టి వాసన చూశావా అన్నా?"



"లేదురా. సచ్చిందని నా నోటితోని నేనెట్ల జెప్పాలె?"