ఒక కొస దీపంలో, ఒక కొస నీళ్లలో

మా సారు పోయారు. నాందేడ్ నుంచి వస్తున్న జీపు డ్రైవరు మా కిరాణా దుకాణం ముందు ఆపి, ఇంజన్ బంద్ చేయకుండానే "అక్కా, మీ సైన్స్ సార్ దవాఖానాల పొద్దుగాల పోయిండంట" అని చెప్పి వెళ్లిపోయాడు. తక్కెడలో కందిపప్పు సగం పోసి ఉంది. దాన్ని అలాగే వదిలేసి కూర్చుండిపోయాను. ఏడుపు రావలసిన చోట నాకు కోపం వచ్చింది. సారు నాకు చెప్పాల్సిన మాట ఒకటి ఉండిపోయింది. చెబుతారని ఇన్నేళ్లు కాచుకుని ఉన్నాను. చెప్పకుండానే పోయారు.

మా కుండల్‌వాడి తెలంగాణ సరిహద్దును ఆనుకుని మహారాష్ట్రలో ఉంది, చదువంతా మరాఠీలోనే. సారు మర్ఖేల్ దగ్గరి తెలుగు రైతుల ఇంటి మనిషి. తరగతిలో మరాఠీ మాట్లాడేవారు, బడి గేటు దాటితే తెలుగు. నిజామాబాద్ వైపు నుంచి పొట్లాలు కట్టడానికి మా దుకాణానికి పాత తెలుగు పేపర్లు వచ్చేవి. వాటి మీద వేలు పెట్టి నాకు తెలుగు అక్షరాలు నేర్పింది కూడా ఆయనే. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆయన చలవ. ఆయన మీద కోప్పడడానికి కూడా ఆయన నేర్పిన అక్షరాలే దిక్కయ్యాయి.

బడి విడిచాక దుకాణానికి వచ్చి, చక్కెర బస్తా పక్కనున్న స్టూలు మీద కూర్చునేవారు. చాయ్ సాసర్లో పోసుకుని, ఊదకుండా ఆరేదాకా ఊరికే చూస్తూ ఉండేవారు. ఆ ఆరే లోపలే ఆయన పాఠం. ఊళ్లో అందరూ పత్తి ధర, వానల ముచ్చట మాట్లాడుకుంటుంటే ఆయనకు మాత్రం గ్రహాలన్నీ దాటిపోయే అంతరిక్ష నౌకల ధ్యాసే.

"అంత దూరం పోవాలంటే డీజిల్ ఎంత పడ్తది సార్?" అని అడిగాను, తొమ్మిదో తరగతిలో.

"డీజిలెందుకు? ఇంజన్ నడిస్తె గద. ఒక్కసారి గట్టిగ ఎల్లగొడ్తరు, ఇగ అదే పోతనే ఉంటది. ఆడ గాలి లేదు, రోడ్డు లేదు, ఆపెటిది ఏంది?"

"మరి నడుమల జోరు ఎట్ల పెరుగుతది?"

ఆయన రోడ్డు మీదికి చూపించారు. చెరుకు ట్రాక్టరు వెనక ట్రాలీని ఒక చేత్తో పట్టుకుని, తొక్కకుండా సైకిల్ మీద పోతున్నాడొకడు. "గట్లనే. గురు గ్రహం ఎనుక నుంచి పోయి, దాని జోరు జెర గుంజుకుంటది. గ్రహం ఎంతో పెద్దది గద, దానికి తెల్వను గూడ తెల్వది. కాని సరిగ్గ మలుపు కాడ చెయ్యి ఇడువాలె. ఇడువకుంటె ట్రాక్టర్ ఎటు పోతె అటే పోతవ్."

నౌకకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో ఆయన నోటితో చెప్పలేదు, ల్యాబ్‌లో చేసి చూపించారు. ఇనుప తీగ రెండు కొసలకూ రాగి తీగలు మెలిపెట్టారు. ఒక మెలిక కొవ్వొత్తి మంటలో, ఇంకో మెలిక స్టీలు గ్లాసులోని చల్లటి నీళ్లలో. రాగి తీగలు మీటరుకు తగిలించగానే ముల్లు మెల్లగా పక్కకు వంగింది. బ్యాటరీ లేదు, ప్లగ్గు లేదు. అంత దూరంలో సూర్యుడు ఒక చుక్కంత అయిపోతాడని, అందుకే నౌకలో దానంతట అదే వేడెక్కే ప్లుటోనియం ముద్దను పెడతారని, లోపల ఆ వేడి, బయట ఆ చలి, ఈ రెంటి నడుమ కరెంటు పుడుతుందని చెప్పారు.

"యాది పెట్టుకో. ఒక దిక్కు వేడి, ఒక దిక్కు సల్లగ ఉండాలె. రెండు ఒక్క తీరుగైతె ముల్లు కదలదు."

ఆ ఏడాదే నాందేడ్‌లో బడుల విజ్ఞాన ప్రదర్శన. మా నాన్న నన్ను కామర్స్‌లో వేయాలని నిశ్చయం చేసుకుని ఉన్నారు, నేను దుకాణం చూసుకోవాలని. సారు నచ్చజెబితే ఒక మెట్టు దిగి, "ప్రదర్శనల గెలిస్తె సైన్సే సదువనీ" అన్నారు. ఇక నా కాలు నేల మీద నిలవలేదు. పాత గొడుగుకు వెండి కాగితం అంటించి భూమి వైపు చూసే యాంటెన్నా చేశాను. వెదురు పుల్ల చివర డబ్బా బిగించి ప్లుటోనియం పెట్టె అన్నాను. కింద తీగలు, మీటరు, కొవ్వొత్తి, గ్లాసు. సోలార్ పలకలు పెట్టలేదు. వద్దని చెప్పింది సారే.

పరీక్షకుడు వచ్చి నా బొమ్మ చుట్టూ తిరిగాడు. పలకలు ఏవని మరాఠీలో అడిగాడు. నేను నేర్చుకున్నదంతా తడుముకోకుండా చెప్పాను. ఆయన నవ్వి, పుస్తకంలో బొమ్మ చూడలేదా, ప్రతి నౌకకూ పలకలుంటాయి కదా అని, నా వెనక నిలబడ్డ సారు వైపు తిరిగి "కాయ్ గురూజీ?" అన్నాడు, ఏమంటారన్నట్టు.

నేను ధీమాగా సారు వైపు చూశాను. ఆయన కళ్లు నా మీద లేవు.

"హో సాహెబ్. ములీచీ చూక్ ఝాలీ."

అవును సాహెబ్, అమ్మాయి తప్పు చేసింది. అంతే అన్నారు. తెలుగులో నాకు చెప్పిన నిజాన్ని మరాఠీలో నలుగురి ముందు కాదన్నారు. పరీక్షకుడు కొవ్వొత్తి వెలిగించమని కూడా అడగకుండా పక్క బల్లకు వెళ్లిపోయాడు. వచ్చేటప్పుడు బస్సులో సారు కిటికీ పక్కన కూర్చున్నారు, నేను గొడుగు ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాను. మలుపు కాడ చెయ్యి విడవాలని చెప్పిన మనిషి, మలుపు రాకముందే నా చెయ్యి వదిలేశారు.

నన్ను కామర్స్‌లో వేశారు. ఇప్పుడు దుకాణం నేనే నడుపుతున్నాను, బాగానే నడుపుతున్నాను. అది వేరే సంగతి.

విడ్డూరమేమిటంటే సారు రావడం మానలేదు. అదే స్టూలు, అదే సాసరు. "ప్లుటోనియం వేడి ఏడాదికింత తగ్గుతది గద. ఇయ్యాల ఆ నౌకల ఇంకో హీటరు బంద్ చేసిండ్రంట, భూమితోని మాట్లాడెటందుకు కరెంటు మిగలాలని" అనేవారు. నేను పొట్లం కడుతూ వినేదాన్ని. వినకుండా ఉండలేకపోయేదాన్ని, అది నా ఖర్మ. నాందేడ్ సంగతి మాత్రం ఆయన ఎత్తలేదు. ఆయన ఎత్తితే తప్ప నేను ఎత్తకూడదని పంతం పట్టాను. కొత్తవాళ్లెవరైనా దుకాణానికొస్తే "నా విద్యార్థులల్ల అందరి కన్న ఉషారు" అని నన్ను చూపించేవారు. నాకు ఒళ్లు మండేది. అంత ఉషారైన పిల్ల తప్పు చేసిందని ఎలా అన్నారు సార్?

కబురు తెలిసిన రోజు వాళ్లింటికి వెళ్లాను. సారు భార్య నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుని, తనంతట తానే నాందేడ్ మాట తీసింది.

"ఆ ముచ్చట మీ సార్‌కు యాదుండె బిడ్డా. గప్పుడు ఆయన నౌకరి పక్కా కాలే. ఆ సాహెబ్ మాట మీదనే ఉండె. బుగులైంది ఆయనకు."

"తర్వాత పక్కా అయింది గద అమ్మా. ఎన్నేండ్లాయె?"

"నేను గూడ గదే అడిగిన. 'నాకు ఎర్కనే, పిల్లకు ఎర్కనే, ఇంకెవలికి ఎర్కుండాలె' అనెటోడు."

మా నాన్నకు ఎరుక ఉండాలి సార్. ఆ రోజు నా బల్ల ముందు నిలబడి నవ్విన పిల్లలకు ఎరుక ఉండాలి. భయపడ్డందుకు నేను ఎప్పుడో క్షమించాను. భయం పోయాక కూడా నోరు విప్పనందుకు మాత్రం క్షమించలేకున్నాను.

పదకొండో రోజు తర్వాత బడిలో శోకసభ పెట్టారు. ఫోటోకు దండ వేసి, ముందు దీపం వెలిగించారు. అందరూ మరాఠీలో మంచి మాటలు చెప్పారు, అన్నీ నిజమే. నన్నూ మాట్లాడమన్నారు. ల్యాబ్‌లోంచి ముందే అడిగి తెచ్చుకున్న మీటరు, తీగలు ఫోటో ముందు పెట్టాను. ఒక మెలిక దీపంలో ఉంచి, ఇంకోటి నీళ్ల గ్లాసులో ముంచాను. ముల్లు వంగింది. సూర్యుడి వెలుగు చాలని చోట నౌకలకు కరెంటు ఇలాగే పుడుతుందని మరాఠీలో చెప్పాను. తొమ్మిదో తరగతిలో నా బొమ్మకు పలకలు పెట్టనిది అందుకేనని చెప్పాను. చివర, ఫోటో వైపు తిరిగి, "ములీచీ చూక్ నవ్హతీ సర్" అన్నాను. అమ్మాయిది తప్పు కాదు సార్.

సభంతా కళ్లు తుడుచుకుంది. గురువుకు ఇంతకన్నా మంచి నివాళి ఉండదని హెడ్మాస్టరు అన్నారు. నేను పోట్లాడుతున్నానని ఎవరికీ తెలియలేదు.

దీపానికి దగ్గరగా ఉండడం వల్లనేమో, గ్లాసులో నీళ్లు వెచ్చబడి ముల్లు మెల్లగా సున్నా వైపు దిగడం మొదలుపెట్టింది. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. ముందు వరసలోంచి సారు భార్య లేచి వచ్చింది. ఇక తియ్యమంటుందనుకున్నాను. ఆమె ఆ గ్లాసు చూసి, మూలనున్న కుండ దగ్గరికి వెళ్లి చెంబుతో నీళ్లు ముంచుకొచ్చింది.

"ఎచ్చగైనయ్ బిడ్డా" అని, గ్లాసులో నీళ్లు పారబోసి చల్లటి నీళ్లు పోసింది. ముల్లు మళ్లీ లేచింది.