మామకు వాతం, నాకు పప్పు

నాలో ఒక మంచి గుణం ఉంది. ఎవరైనా 'అబ్బా' అన్నారంటే వైద్యం చెప్పకుండా కదలనివ్వను. ఆయుర్వేదం సొంతంగా చదువుకున్నాను. ఫీజు అడగను, వాళ్లు అడిగేదాకా ఆగను. ఆ గుణమే మొన్న మా మామ భోజనం మీద పడింది.

మామది ఝరాసంగం దగ్గర పల్లె. కూతురికి సంతానం కలిగేదాకా అల్లుడింట్లో మెతుకు ముట్టకూడదని వాళ్ల పట్టింపు. జహీరాబాద్ అంగడికి వచ్చినప్పుడల్లా మా అరుగు మీద కూర్చుని, బిడ్డను చూసుకుని పోయేవాడు. ఇప్పుడు మాకు బాబు పుట్టాడు. ఇక తింటానని కబురు పంపాడు.

"మా నాయిన మొహమాటపడి సగంల లేస్తే నేను ఓర్వ. కడుపు నిండ తినాలె" అంది మా ఆవిడ సుశీల.

అదే వారం పక్కింటి ఖాదర్ సాబ్ అల్లం అమ్ముకొని బెంగుళూరు నుంచి వస్తూ ఏవో ఆకుపచ్చ కాయలు తెచ్చిచ్చాడు. బటర్‌ఫ్రూట్ అట, అదే అవకాడో.

"లోపట నెయ్యి లెక్క ఉంటది భాయ్. మెత్తగైనంక చక్కెరేస్కొని..."

'నెయ్యి' దాకా విన్నాను. మిగతాది వినలేదు, అప్పటికే నేను ఆయనకు చెప్పడం మొదలుపెట్టాను కాబట్టి. జొన్నరొట్టె పొడి తిండి, పొడి తిండితో వాతం, వాతానికి విరుగుడు జిడ్డు. మామకేమో మోకాళ్ల నొప్పులు. ఈ పండు లోపలికి పోతే ఒళ్లంతా సమతూకం.

"రాళ్ల లెక్కున్నయి గద, ఏం జెయ్యాలె?" అంది సుశీల.

"మామిడికాయ గట్టిగుండదా? పప్పుల వెయ్యి."

నాయినకు పెట్టకముందు ఎంగిలి చేయకూడదని సుశీల రుచి చూడలేదు. వైద్యుణ్ని కాబట్టి నేనూ చూడలేదు.

మామ కొత్త ధోతి కట్టుకొని వచ్చి పీట మీద కూర్చున్నాడు. మొదటి ముద్దకే దవడ ఆగిపోయింది. మొహం చేదుగా పెట్టి మింగాడు. రెండో ముద్ద గోళీకాయంత కలిపాడు.

"సాలు బిడ్డా, కడుపు నిండింది" అని నీళ్ల చెంబు అందుకున్నాడు.

సుశీల కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను నోరు మూసుకోవాల్సింది.

"చేదుంటేనే మందు మామా. మీకు వాతం ఎక్కువున్నది."

"ఉంటే ఎట్ల తెలుస్తది?"

"నిద్ర పట్టదు. ఒళ్లు ఎండుకపోతది. ఊకె మాట్లాడుతుంటరు."

మామ పడుకుంటే బండి బోల్తాపడినా లేవడు. పొద్దంతా కలిపి పది మాటలు మాట్లాడడు. నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"అయితే గీ పప్పు నీకే గావాలె అల్లుడా" అని గిన్నె నా వైపు జరిపాడు.

వెనక్కి తగ్గితే పరువేం కావాలి? తిన్నాను. వేపాకును సబ్బుతో కలిపి నమిలినట్టుంది.

"ఎట్లున్నది?"

"మంచిగున్నది."

"ఇంకో గంటె వెయ్యి బిడ్డా. అల్లుడు మొహమాటపడుతున్నడు."

సుశీల కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మామ కూడా మీసాల్లో నవ్వుకుని, చెంబు పక్కన పెట్టి, పీట మీద మళ్లీ సర్దుకుని కూర్చున్నాడు.

"రొట్టె ఉన్నదా? జర ఉల్లిగడ్డ, కారం తీస్కరా."

సుశీల పొయ్యి దగ్గరికి దాదాపు పరుగెత్తింది. ఆమె రొట్టెలు కొట్టి కాలుస్తుంటే ఆయన అడిగి మరీ వేయించుకున్నాడు. నేను వాతమన్న ఆ పొడి తిండే పిండి అయిపోయేదాకా తిన్నాడు. నేను పప్పు గిన్నె ఖాళీ చేశాను.

ఆ పండు ఏ దోషానికి మంచిదో నాకు ఇప్పటికీ తెలియదు.