సేటుగారి గోడ మీద పుట్టుమచ్చ

మా రోజుల్లో పదిహేడేళ్ళవాడు ప్రేమించడానికి పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. ఒక డాబా, ఆ డాబా మీద ఆరేసిన ఒక ఓణీ, కింద నిలబడి పైకి చూడటానికి కాస్త నీడ ఉంటే చాలు, మిగతాదంతా మనమే ఊహించుకునేవాళ్ళం. కలుసుకోవటం, మాట్లాడుకోవటం లాంటివన్నీ తరువాతివాళ్ళకు దొరికిన సౌకర్యాలు. నేనైతే ఒకే ఒక్క వాక్యాన్ని పట్టుకుని ఎన్నో నెలలు ప్రేమించాను. ఆ వాక్యం, "మా అమ్మ ఇయ్యమన్నది." (ఇందులో ప్రేమ ఎక్కడుందని అడక్కండి. అప్పట్లో నాకు ప్రతి అక్షరంలోనూ కనిపించింది.)

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు గుమాస్తా అయిన మా నాన్నగారు కూడా ఫైళ్ళతోపాటు ఇక్కడికి వచ్చిపడ్డారు. నాంపల్లి స్టేషన్‌కు కాస్త ఇవతల ఒక సందులో, చష్మాల సేటు ఇంట్లో, వెనక వాటా మాకు కిరాయికి దొరికింది. సేటుకు అబిడ్స్‌లో కళ్ళజోళ్ళ దుకాణం. సేటు అన్నానని ఏ ఉత్తరాదివాడో అనుకునేరు, తాతముత్తాతల నుంచీ ఈ ఊళ్ళోనే ఉన్న తెలుగాయన. మనసు మంచిదే గానీ నోరు మిరపకాయ. "ఆంధ్రోళ్ళు మంచోళ్ళే గానీ నీళ్ళు బాగ వాడ్తరు" అని నెలకోసారైనా అనకపోతే ఆయనకు తోచేది కాదు. మా అమ్మ మాత్రం, "ఎంతైనా ఇంటాయనరా నాన్నా. ఆయన కంట్లో పడేలా ఏ వెధవ్వేషాలూ వెయ్యకు. ఇంత చవగ్గా ఇంకో వాటా మనకు ఈ జన్మలో దొరకదు" అని పొద్దునా సాయంత్రం చెప్పేది. ఆ మాట వింటూనే నేను డాబా వైపు చూసేవాణ్ణి. ఆ ఓణీ సేటుగారి ఒక్కగానొక్క కూతురిది మరి.

సేటుగారికి కూతురి పెళ్ళికంటే పెద్ద బెంగ ఒకటుండేది. అది ఇంటి పక్కగోడ. రైలు దిగి సందులోకి తిరిగిన ప్రతి మగవాడికీ ముందు ఆ గోడే కనిపించేది (ఎందుకో వేరే చెప్పక్కర్లేదు గదా). ఇక్కడ మూత్రం పోయరాదని తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో రాయించాడు. దాంతో మూడు భాషలవాళ్ళూ అక్కడ నిలబడి, పని కానిస్తూ, తీరుబడిగా చదువుకునేవారు. దేవుడి బొమ్మ వేయిస్తే ఒక్కడూ నిలబడడని చివరికి ఎవరో సలహా ఇచ్చారు. ఊళ్ళో చాలా గోడల్ని దేవుళ్ళే కాపాడుతున్న మాట నిజం. మావాడు బ్రహ్మాండంగా బొమ్మలు వేస్తాడని మా నాన్నగారు ఎప్పుడో గొప్పకు చెప్పి ఉన్నారు. వేసవి సెలవుల్లో ఒక ఆదివారం సేటు నన్ను పిలిచి, "ఏం పొరగా, బొమ్మలు గీస్తవంట గదా! గోడ మీద లక్ష్మమ్మను గియ్యి. గిదో, కాలండర్. అచ్చం గిట్లనే రావాలె. జర తేడా వచ్చినా మీ నాయనకు చెప్త" అని తన దుకాణం క్యాలెండర్ చేతిలో పెట్టాడు.

క్యాలెండర్ మీద పెన్సిల్‌తో చిన్న గళ్ళు, గోడ మీద బొగ్గుతో పెద్ద గళ్ళు గీసుకున్నాను. ఇక్కడి గడిలో ఉన్నది అక్కడి గడిలోకి ఎక్కించడమే పని. మొహమంటే భయం కాబట్టి కింద నుంచి మొదలుపెట్టాను. తామరపువ్వు వచ్చింది, పాదాలు వచ్చాయి, చీర కుచ్చిళ్ళు కూడా పరవాలేదనిపించాయి. భుజాల దాకా వచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. అప్పుడు తలుపు తీసుకుని ఆ అమ్మాయి ఇత్తడి గ్లాసుతో నీళ్ళు తెచ్చి, "మా అమ్మ ఇయ్యమన్నది" అంది. అంత దగ్గరగా ఆమెను చూడటం అదే మొదలు. గడ్డం మీద, ఎడమ పక్కన, ఆవగింజంత పుట్టుమచ్చ! డాబా మీదున్నంత కాలం ఈ సంగతి నాకు తెలియనే లేదు. నీళ్ళు తాగుతూ గుటక వెయ్యడం మరిచిపోయి, పొలమారి, సగం నీళ్ళు లక్ష్మీదేవి పాదాల మీద పోశాను. ఆమె చటుక్కున లోపలికి వెళ్ళిపోయింది. నవ్వు దాచుకోవడానికే వెళ్ళిందని నేను తీర్మానించుకున్నాను.

గ్లాసు గుమ్మంలో పెట్టి, అక్కడే కాసేపు అలా నిలబడి (ఎందుకు నిలబడ్డానో మీకు తెలుసు), వెనక్కి తిరిగి చూస్తే స్టూలు మీది క్యాలెండర్‌ను సందులో తిరిగే మేక నములుతోంది. పరుగెత్తి లాక్కున్నాను. లక్ష్మీదేవి భుజాల కింది భాగం నా చేతిలోకి వచ్చింది, మొహం దాని కడుపులోకి పోయింది. సేటుకు చెప్పే ధైర్యం ఎక్కడిది? కాగితాన్ని కాపాడలేనివాడివి గోడనేం కాపాడతావంటాడు. సరే, మొహం జ్ఞాపకం మీద వేసేద్దామని స్టూలెక్కాను. తీరా చూస్తే నా జ్ఞాపకంలో ఉన్నది ఒకే ఒక్క మొహం. కిరీటం, ముక్కెర, రూపాయి కాసంత బొట్టు పెట్టాక ఎవరూ పోల్చుకోలేరని ధైర్యం చెప్పుకున్నాను. ఆఖర్న బ్రష్షు కొసతో గడ్డం మీద ఎడమ పక్కన ఒక చుక్క కూడా పెట్టాను. ఎందుకు పెట్టావంటే ఏం చెప్పను? చెయ్యి దానంతటదే పోయింది.

సాయంత్రం సేటు చష్మా సర్దుకుని చూసి, "శభాష్, కాలండర్ల కన్నా మంచిగున్నది" అన్నాడు. ఊరందరి చూపూ సరిచేసే మనిషి కన్నకూతుర్ని పోల్చుకోలేదు! మర్నాటి నుంచి గోడ పొడిగా ఉంది. కొన్నాళ్ళకు ఎవరో కుంకుమ పెట్టారు, ఇంకెవరో దీపం పెట్టారు. గడ్డం మీది చుక్క చూసి సందులోని ఆడవాళ్ళు, "అమ్మకు దిష్టి తగలకుండ చుక్క పెట్టిండు సూడు, ఎంత భక్తి పిలగానికి!" అని మెచ్చుకుంటే మా అమ్మ పొంగిపోయింది. సందులోని కుర్రాళ్ళు మాత్రం ఒక్క చూపులో కనిపెట్టేశారు. (ఆ వయసులో చష్మాలు అక్కర్లేదు.) కాలేజీలు తెరిచాక ఆ అమ్మాయి బస్సు కోసం నిలబడితే చాలు, వెధవలు వరసగా నిలబడి చేతులు జోడించి, "తల్లీ! ఇంగ్లీషుల పాస్ చేయించు తల్లీ!" అని దండాలు పెట్టేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆమెకు ఇంకా ఎక్కువ మండింది. ఒకరోజు ఖాళీ గ్లాసుతో వచ్చింది. "దిమాక్ ఉందా నీకు? బస్సుల అందరు నన్ను చూసి నవ్వుతున్నరు. రేపటికల్ల గా మచ్చ పోవాలె. లేకుంటే మా నాయనకు నేనే చెప్త" అంది. ఆమె నాతో అన్ని మాటలు మాట్లాడటం అదే ప్రథమం. సంతోషించాలో భయపడాలో తెలియలేదు. ఆ రాత్రి కలలో మా అమ్మ వంటగిన్నెలు నెత్తిన పెట్టుకుని, నాన్నగారు ఫైళ్ళు చంకన పెట్టుకుని, కొత్త వాటా వెతుక్కుంటూ రోడ్డున పడి పోతున్నారు. వెనకాల నేను స్టూలు మోసుకుంటూ.

మర్నాడు మధ్యాహ్నం సందు నిద్రపోతుంటే గులాబిరంగు డబ్బాతో స్టూలెక్కాను. బ్రష్షు ఇంకా మచ్చకు తగల్లేదు, వెనక నుంచి, "ఏం జేస్తున్నవ్‌రా గీడ?" అని వినిపించింది. భోజనానికి వచ్చిన సేటు!

"చుక్క కాస్త పెద్దదైంది సేటుగారూ. సరిచేద్దామని..."

"అమ్మవారి చుక్కను నువ్వు సరిజేస్తవా? గది పెట్టినంకనే దుకాణంల గిరాకీ లేచింది. దిగు!"

దిగాను. ఆయన అక్కడితో లోపలికి పోతే బాగుండేది. పోకుండా తనే స్టూలెక్కాడు. చష్మా తీసి, పంచె కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, ముక్కు గోడకు తగిలేంత దగ్గరగా వంగాడు.

"గీ మొహం నేను ఏడనో చూసిన" అన్నాడు.

తలుపు వెనక గాజుల చప్పుడు ఆగిపోయింది. నేను గులాబిరంగు డబ్బా వీపు వెనక దాచుకున్నాను.

"మా అవ్వ..." అన్నాడు సేటు. (ఇక్కడ అవ్వంటే కన్నతల్లి.) "అచ్చం మా అవ్వనే! గదే గడ్డం, గదే మచ్చ. నా చిన్నప్పుడే పోయింది. ఒక్క ఫోటో గూడ లేకపాయె. మొహం మర్చిపోయిన అనుకున్న" అంటూ అంత మిరపకాయ మనిషీ స్టూలు మీదే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. కిందికి దిగి నా భుజం పట్టుకుని, "నీకెట్ల తెలిసింది బిడ్డా?" అని అడిగాడు. "అమ్మవారే వేయించింది సేటుగారూ" అన్నాను. అబద్ధమని నాకేమీ అనిపించలేదు. నాయనమ్మ పోలికలు మనవరాలికి వచ్చాయనీ, ఆ మచ్చ రోజూ తన పక్కనే కూర్చుని అన్నం తింటోందనీ ఆయనకు ఎందుకు తట్టలేదో ఈనాటికీ నాకు అర్థం కాదు. ఇంట్లోవాళ్ళ మొహాలు మనమెవరం అంత పరకాయించి చూస్తాం!

ఆనాటి నుంచి గోడకు దండం పెట్టుకోనిదే ఆయన దుకాణానికి వెళ్ళలేదు, మా నీళ్ళ వాడకం గురించి మళ్ళీ మాట్లాడలేదు. ఆ సాయంత్రమే ఆ అమ్మాయి నిండు గ్లాసుతో వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఉండనీ తియ్" అంది.

"మచ్చా?"

"ఔ. మా నాయన గట్ల ఏడ్వంగ నేనెన్నడు చూడలే." గ్లాసు అందించి, రెండడుగులు వెళ్ళి, తిరగకుండానే, "మా అమ్మ ఇయ్యమనలే. నేనే తెచ్చిన" అంది.

ఆ వాక్యంతో నేను ఇంకా చాలా కాలం బతికాను. మరుసటేడు ఆమెకు వరంగల్ సంబంధం కుదిరింది. పెళ్ళిలో మజ్జిగ వడ్డించిందీ నేనే. ఆ తరువాత మాకు సర్కారు క్వార్టర్స్ వచ్చాయి, నాకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది, బొమ్మలు పోయాయి.

మొన్నామధ్య నాంపల్లి కోర్టులో పనిబడి వచ్చి, కాళ్ళు లాక్కుపోతే ఆ సందులోకి వెళ్ళాను. సేటు లేడు, ఇల్లు చేతులు మారింది. గోడ మీద లక్ష్మీదేవి మాత్రం ఉంది. ఎన్నిసార్లు రంగులు మార్చారో, బుగ్గలు ఉబ్బాయి, కళ్ళు ఎవరివో అయ్యాయి. ఆ అమ్మాయి పోలిక ఒక్కటీ మిగల్లేదు, గడ్డం మీద ఎడమ పక్కన ఆ చుక్క తప్ప. దాని ముందు పూలమ్ముకునే ఆవిడ, నేను తేరిపార చూడటం చూసి, "కొత్తోళ్ళా సార్? గా చుక్క గీ అమ్మకొక్కదానికే ఉంటది. పోయినసారి పెయింటర్ మర్చిపోతే సందోళ్ళు మళ్ళ ఎక్కించి పెట్టించిన్రు" అంది.

బట్టతల, పొట్ట, చేతిలో గొడుగు. అలాగే నిలబడి దండం పెట్టాను. ఆ బస్‌స్టాపు వెధవలు పెడితే ఒళ్ళు మండిన దండమే. పాస్ చేయించమని అడగడానికి నాకు పరీక్షలేవీ మిగల్లేదు. పూలావిడను కాసిని మంచినీళ్ళు అడిగాను. గ్లాసు ఎత్తి తాగుతూ గోడ వైపు చూశాను, పొలమారింది.

"ఎవరో తలుచుకుంటున్నరు సార్" అంది ఆవిడ.

ఈ వయసులో కూడా నమ్మేశాను.