కొత్తగూడ రాళ్ళగనిలో పసుపు పూసిన ఎముకలు

మెడిసిన్ సీటు రాలేదన్న బెంగతో నేను ఎముకలు పట్టుకుని తిరుగుతున్నానని మా నాన్నగారి నమ్మకం. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ "డాక్టరు కావాలనుకుందండీ, పాపం" అని జాలిగా చెబుతారు. నేను మెడిసిన్‌కి దరఖాస్తే పెట్టలేదు. మానవశాస్త్రంలో ఇష్టపడి చేరాను. ఈ సంగతి నాలుగేళ్ళుగా చెబుతున్నా వినేవాళ్ళు లేరు. మొన్న బుధవారం కొత్తగూడ బయల్దేరుతుంటే అమ్మ టిఫిను డబ్బాలో పులిహోరతో పాటు విభూతి పొట్లం కూడా పెట్టింది.

మా యూనివర్సిటీలో ఎముకలు చూసే విభాగమంటే ఒక గది, రెండు బీరువాలు, మా లెక్చరర్ గారు, నేను. ఎక్కడైనా ఎముకలు బయటపడి పోలీసులు ఉత్తరం రాస్తే వెళ్తాం. అవి మనిషివా, ఆడా మగా, వయసెంత, ఎంతకాలం నాటివి అన్నది చూసి రాసిస్తాం. ఇలాంటి పనికి అటు వెళ్ళాలనుకునే విద్యార్థులకు దారి చెబుతాను. నాంపల్లిలో ఉదయం ఏడింబావు పాసింజరు ఎక్కితే ఎనిమిదిన్నరకు లింగంపల్లి. అక్కడినుంచి జట్కా, కిరాయి మూడు రూపాయలు. బండి మట్టిదారిన గుట్టల మధ్య గంటకు పైగా ఊగుతూ పోతుంది. గొడుగు లేకపోతే నెత్తి మాడుతుంది.

"గుట్టల్ల ఏం పని సాబ్, తేళ్ళు తప్ప ఏముంది?" అన్నాడు జట్కా ఆయన.

"ఎముకలు చూడాలి" అన్నాను.

ఆయన నన్ను వదిలేసి లెక్చరర్ గారి వైపు తిరిగాడు. "బేటీకి భయం గాదా సాబ్?"

గని దగ్గర సబ్ ఇన్‌స్పెక్టరు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఎదురుగా గోనెపట్టా మీద ఎముకలు, పసుపు పూసి ఉన్నాయి. "చూడండి సార్, పసుపు. పద్ధతిగా పూడ్చిన పాత సమాధి. అదొక్క ముక్క రాసిచ్చేస్తే కేసు ఉండదు" అన్నాడు. లెక్చరర్ గారు తలూపారు. ఇంకా ఒక్క ఎముకనీ చేత్తో ముట్టుకోలేదు ఆయన.

నేను గొంతుక్కూర్చున్నాను. మా పనిలో ఒక నియమం ఉంది: చూసింది పుస్తకంలో రాసుకున్నాకే ఎవరినైనా అడగాలి. ముందే వింటే, విన్నదే కనబడుతుంది. కటి ఎముక వెడల్పు చూస్తే ఆడమనిషి. మెడ కింది ఎముక కొన పూర్తిగా అతుక్కోలేదు కాబట్టి పాతికేళ్ళ లోపు. ఎడమ ముంజేయి ఎప్పుడో విరిగి వంకరగా అతికింది. పాతబడ్డ ఎముక పొడిబారి తేలికవుతుంది. ఇవి బరువుగా ఉన్నాయి, జిడ్డు పోలేదు. గునపం తగిలి కొన్ని కొత్తగా విరిగాయి. ఆ విరిగిన అంచుల లోపల కూడా పసుపు ఉంది. పూడ్చినప్పుడే పూసిన పసుపైతే, మొన్న విరిగిన చోటికి ఎలా వస్తుంది? ఇదంతా రాసి, టైము వేశాను. పదకొండూ పది.

అప్పుడు, పసుపు ఎవరు పూశారని గని కూలివాళ్ళని అడిగాను. రాళ్ళు కొట్టే ఎల్లమ్మ జవాబు చెప్పింది. "పసుపు మేమే వెట్టినం అమ్మా, పొయిన సోమారం. ఎవరో ఏందో, గట్లనే గోనెల ఏస్తమా? నీళ్ళతోని కడిగి రాసినం."

"ఎస్సై గారికి చెప్పావా?"

"అడిగితే గద."

జొన్నరొట్టె, ఉల్లికారం నా చేతిలో పెట్టి, పక్కన కూర్చుంది. "నా చెల్లె సాయమ్మ, మూడేండ్లయింది కండ్ల వడక. బొంబాయి వొయిందంటడు దాని మొగడు. రైలెక్కనీకెనే భయపడేది, బొంబాయి ఎట్ల వోతది? చిన్నప్పుడు బండ మీదికెళ్ళి పడి ఎడమ చెయ్యి ఇరిగింది. కట్టు గట్టిండ్రు గని వంకరనే అతికింది."

నా చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. లేచి వెళ్ళి ఎస్సైకి చెప్పాను. ఆయన నవ్వాడు. "ఎముకలు కడిగింది ఆమే గదమ్మా. వంకర చూసి కథ అల్లింది."

"అయితే ఊళ్ళో నలుగురిని అడగండి. కట్టు కట్టినవాళ్ళని అడగండి."

"చెల్లెలు లేచిపోయిందంటే పరువు తక్కువని ఇట్ల చెప్తరు. నువ్వు పట్నం పిల్లవి, నీకు తెల్వది."

నేను లెక్చరర్ గారి వైపు చూశాను. విరిగిన అంచులో పసుపు ఆయనకూ చూపించాను. చూశారు, అర్థమైంది కూడా. "మనకెందుకమ్మా? రేపు మళ్ళీ వీళ్ళే ఉత్తరం రాయాలి మనకి" అంటూ "పాత సమాధి" అని రాసి, సహాయకురాలి సంతకం కోసం కాగితం నా ముందుకు జరిపారు. ఎల్లమ్మకు చదువు రాదు. ఆ కాగితంలో ఏముందని ఆమె నన్నే అడిగింది. చెప్పాను. "ఇగ వాణ్ణెవరూ అడగరన్నట్టు" అని, సుత్తి తీసుకుని రాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది.

సాయంత్రం బండిలో ఆ మాటే నెమరేసుకున్నాను. అవి సాయమ్మవేనని నేను ప్రమాణం చేయలేను. ఎముక పేరు చెప్పదు. పాతిక నిండని ఒక ఆడమనిషి గనిలోకి ఎలా వచ్చిందని అడగాలని మాత్రం చెబుతుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఎముకలకు కూలివాళ్ళు చేసిన మర్యాదను వీళ్ళిద్దరూ ఒక మొగుణ్ణి ప్రశ్న అడగకుండా ఉండటానికి సాకు చేసుకున్నారు. చదువు లేనివాళ్ళు కడిగారు, చదువుకున్నవాళ్ళు కప్పెట్టారు. నాకు ఒళ్ళు మండుతోంది.

ఈ పనికి వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: కార్బను కాగితం వెంట తీసుకెళ్ళండి. అక్కడికక్కడే రెండు ప్రతులు రాసి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

లెక్చరర్ గారి నివేదిక మీద నేను సంతకం పెట్టలేదు. నా పేరుతో వేరే నివేదిక రాశాను. సోమవారం దాన్ని మేజిస్ట్రేటుకు ఇస్తున్నాను.