పులుసు ఊరేలోగా పోయిన విప్ పదవి

ఆ రోజుల్లో ఒకసారి ఎంపీ అయితే చాలు, మిగతా పదవులు వాటంతటవే నడిచొస్తాయనుకునేవాణ్ణి. సూళ్లూరుపేట పక్కన పులికాట్‌లో వలలేసే ఇంట్లో పుట్టి, జుట్టు నల్లగా ఉండగానే ఢిల్లీ చేరినవాడికి ఆ మాత్రం పొగరు ఉండదా? మా పార్టీ ఓడిపోయి ప్రతిపక్షంలో కూర్చుంది. మా ఎంపీలంతా కలిసి సభలో మా నాయకుణ్ణీ, విప్‌నీ ఎన్నుకోవాలి. నాయకుడి సంగతి పెద్దలే తేల్చేశారు. విప్‌కి మాత్రం నేనూ, మేమంతా మీసాల అన్న అని పిలిచే ఇంకో ఎంపీ పోటీపడ్డాం. (ఆయనకి సగం ఓట్లు ఆ మీసానికే పడతాయని నా అనుమానం.) గెలిచేది నేనేనని ఊళ్లో అందరికీ ఫోన్లు చేసి చెప్పేశాను కూడా. ఓడితే ఇక ఆ ఊళ్లో తల ఎత్తుకోలేను.

అందుకే ఎన్నికకు ముందురోజు మీసాల అన్నని తప్ప మా ఎంపీలందర్నీ భోజనానికి పిలిచాను. మా మేనత్త పులుసు కాచే మట్టి దాకనూ, మామిడికాయలనూ మోసుకుని రైలెక్కి వచ్చింది. మా నెల్లూరు చేపల పులుసు తిన్న చెయ్యి ఇంకొకరికి ఓటు వేయదని నా ధీమా. ఆ వాసనకి మీసాల అన్న కూడా పిలవకుండానే వచ్చి కూర్చున్నాడు. తీరా చూస్తే అత్త పప్పుచారూ అప్పడాలూ వడ్డిస్తోంది. వంటింట్లోకి పరుగెత్తాను.

"పులుసేది అత్తా?"

"ఏందబ్బయా, పొద్దున చేసింది ఇప్పుడే తింటారా? ముక్కకి పులుపు పట్టొద్దా? రేపు పెడతా."

"ఓట్లు రేపు పొద్దున్నే అత్తా."

"అయితే ఓట్లేసొచ్చి తినమను. ఊరని పులుసు పెట్టి మనూరి పరువు తీయలేను నేను."

దాక మీద మూత పెట్టి, దానిమీద రోకలి అడ్డంగా పెట్టింది. (ప్రభుత్వాన్ని నిలదీసే ధైర్యం నాకుండేది గానీ, నన్ను పెంచిన మనిషిని నిలదీసే ధైర్యం లేదు.) ఆ సాయంత్రం మీసాల అన్న అందరికీ బిర్యానీ పెట్టాడు.

మర్నాడు నేను ఓడిపోయాను. మధ్యాహ్నానికి నాకు ఓటేసినవాళ్లూ వేయనివాళ్లూ అంతా మా ఇంట్లోనే ఉన్నారు. మీసాల అన్న మెడలో దండతోనే వచ్చి, మారు వడ్డించుకుంటూ, "నిన్ననే పెట్టుంటే నా ఓటు కూడా నీకే వేసుండేవాణ్ణి తమ్ముడూ" అన్నాడు, నిజంగానే బాధపడుతూ.

మా ఇళ్లలో చేప తలకాయ ఆ పూట పెద్దమనిషికి వేస్తారు. అది తెలిసే ఆయన కంచం ముందుకు జరిపాడు. అత్త ఆయన్ని దాటుకుని వచ్చి నా కంచంలో వేసింది.

"తిను అబ్బయా. ఆ విప్పో గిప్పో వాళ్లనే ఉంచుకోమను."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కారం ఎక్కువైందని చెప్పాను.

అత్త ఇప్పుడు లేదు. పార్టీలో ఎన్నికలంటే ఇప్పటికీ ముందురోజే పులుసు చేయించి మూత పెట్టిస్తాను, నేను మాత్రం పోటీ చేయను. మర్నాడు గెలిచినవాళ్లూ వస్తారు, ఓడినవాళ్లూ వస్తారు. తలకాయ మాత్రం ఓడినవాళ్లకే.