ముప్పై ఎనిమిదో గది

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే ముందు ఆ ఇంటి వైరింగ్ గురించి అడిగే రకం నేను. ఎలక్ట్రానిక్ సిటీలో సర్క్యూట్ బోర్డులు పరీక్షించడం నా ఉద్యోగం. అందుకే ఈ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

చామరాజపేటలో మా చిన్నప్పుడు లతక్కా నేనూ ఒకే వీడియోగేమ్ కోసం కొట్టుకునేవాళ్ళం. చేతిలో పట్టుకుని ఆడే పాతది. పెట్టెలు తోసి, నిచ్చెనలెక్కి, తాళంచెవి తెచ్చి తలుపు తీస్తే ఒక గది దాటినట్టు. దాంట్లో దూర్చే గేమ్ క్యాసెట్‌లో ఎవరి ఆట వాళ్ళ పేరు మీద ఉండేది. ఒకరి ఆటలో ఇంకొకరు వేలు పెట్టకూడదు.

పోయినేడు ఆసుపత్రి మంచం మీద కూడా అక్క అదే ఆడింది. ముప్పై ఎనిమిదో గదిలో ఇరుక్కుపోయి, "ఈ పెట్టె ఎట్ల తోయాల్రా?" అని అడిగింది. అమ్మ పక్కనే ఉంది.

"చెప్పను. ఇంటికొచ్చి నువ్వే ఆడుకో," అన్నాను.

అక్క ఇంటికి రాలేదు. ఆ ఒక్క ముక్క చెప్పేసి ఉంటే నాదేం పోయేది?

అప్పటి నుంచి అమ్మ రోజూ సాయంత్రం దాన్ని ఆన్ చేసి, అక్క పేరు చూసుకుని ఆపేస్తుంది. ఆడటం ఆమెకు రాదు.

దాచిన ఆటలు నిలిచేది క్యాసెట్ లోపలి చిన్న బ్యాటరీ వల్లే. అది అయిపోకముందే మారుద్దామని మొన్న ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నాను. పాతది తీసేముందు బయటి నుంచి కరెంటు ఇవ్వాలి, లేకపోతే అన్నీ చెరిగిపోతాయి. నాకు తెలియని పనా అన్న ధీమాలో అదే మరిచాను. బ్యాటరీ ఊడి చేతికొచ్చాక గుర్తొచ్చింది.

అమ్మకు తెలిసేలోపు అక్క పేరు మళ్ళీ కొట్టి, ఆ గదులన్నీ నేనే దాటేద్దామనుకున్నాను. దొంగపనే. కొత్త బ్యాటరీ అతికించి ఆన్ చేశాను.

నా ఆట లేదు. అక్కది ఉంది. రెండూ ఉండేది ఒకే చిప్‌లో, పోతే రెండూ పోవాలి. పేరు పక్కన గది అంకె ముప్పై తొమ్మిది. ముందురోజు సాయంత్రం ముప్పై ఎనిమిదే ఉండటం నా కళ్ళతో చూశాను.

"అమ్మా, నువ్వేమైనా ఆడినావా?"

చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. ఆశ్చర్యపోలేదు.

"నాకేడ వస్తాదప్పా? ఇంటికొచ్చి ఆడుకోమని నువ్వే కదా చెప్పింది."

ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు. బోర్డు మూడుసార్లు విప్పాను. చిప్ పాడయిందేమో అనుకుందామంటే ముప్పై తొమ్మిదో గది చక్కగా తెరుచుకుంటోంది. కారణం ఇప్పటికీ దొరకలేదు.

సాయంత్రం అమ్మ ఆపబోతే మాత్రం, ఇంకాసేపు అలాగే ఉండనీ అంటున్నాను.